మల్లెపాదు

హుస్సేన్‌బీకి కోడలి మీద కంటే మల్లెచెట్ల మీద ప్రేమ ఎక్కువ. హబీబాకు దీని మీద పెద్ద అభ్యంతరమేమీ లేదు. పామిడిలో కోడలు దొరికినంత తేలిగ్గా మంచి మల్లె అంటు దొరకదు మరి. ప్రేమ అత్తది, దానికి నీళ్ళు మోసే నడుము తనది కావడమే కాస్త చిరాకు.

అనంతపురం కాలేజీలో హబీబా వృక్షశాస్త్రం చదివింది. వేరు పీల్చిన నీరు ఆకుదాకా ఎట్లా పోతుందో బొమ్మ గీసి చూపించగలదు. ఎండిన పెన్న ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు చెంబుతో ముంచి, బిందె నింపి వేరుదాకా ఎవరు తేవాలో మాత్రం ఆ పుస్తకంలో రాయలేదు.

పెరటికి ఒక కట్టుబాటుంది. ముట్టయిన మనిషి మల్లెపాదు దగ్గరికి పోకూడదు, పోతే చెట్టు మాడిపోతుంది. అందుకని నెలలో కొన్నాళ్ళు చెట్లకు హుస్సేన్‌బీయే నీళ్ళు పోసేది. వేరే ఇళ్ళలో క్యాలెండరు గోడకు వేలాడుతుంది, వీళ్ళింట్లో పెరట్లో ఉండేది. అంగడికి పోతూ తల్లి చేతిలో చెంబు చూసి హబీబా మొగుడు దాదా ఖలందర్ నిలబడేవాడు. "ఈ నెల గూడానా?" అనేవాడు. పెళ్ళాన్ని కాదు, తల్లిని. వంటింట్లో రొట్టె కాలుస్తున్న హబీబాకు పెనం కంటే ముందు మొహం కాలేది. విచిత్రమేమంటే, నాన్‌ఖటాయి బిస్కెట్ల పిండి మాత్రం ఏ నెలా, ఏ రోజూ ఆమె చేతిని వద్దనలేదు. పట్టింపంతా మల్లెకే, మైదాకు లేదు.

ఆ ఏడు వేపచెట్లు పూతకు వచ్చేసరికి హబీబా విరామం లేకుండా మూడో నెల నీళ్ళు పోస్తోంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె రొట్టె మీద మాత్రం నెయ్యి ఇంకో చెంచా ఎక్కువ పడసాగింది. ఒక రాత్రి ఖలందర్ ఇటు తిరిగి పడుకుని, "పిల్లోడైతే మా నాయన పేరు పెడదాం" అన్నాడు. పిల్లయితే ఏ పేరో హబీబా అప్పటికే అనుకుని పెట్టుకుంది, పైకి చెప్పలేదు.

"అత్తా, బిందె ఎత్తితే నడుము లాగుతాండాది," అని ఒకరోజు అంది.

"పని చేస్తాంటేనే కాన్పు సులువుగా అయితాది. నేను ఏడో నెల్లో గూడా మోసినా. మొగ్గలు తొడిగే కాలం, చెట్లు ఎండబెడతావా ఏంది?"

మోసింది. చెలమ గట్టు జారి బిందెతో సహా పడింది. పక్కింటి సుంకమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చేసరికి చీర తడిసింది. ఆ తడి నీళ్ళది కాదని దారిలోనే ఇద్దరికీ తెలుసు.

చీకటి పడకముందే అయిపోయింది. హుస్సేన్‌బీ పాత మెత్తని గుడ్డలో ఏదో చుట్టుకుని పెరట్లోకి పోయింది. గడ్డపార చప్పుడు హబీబాకు వినిపించింది. "ఈ మాత్రం దానికి ఖబరస్తాన్ ఎందుకులే," అంటూ లోపలికొచ్చి చేతులు కడుక్కుంది. ఖలందర్ మంచం పక్కన కొంచెంసేపు కూర్చున్నాడు. "మూడు నెల్లే గదా. దానికి రూపం గూడా వచ్చిండదు. ఇంత ఏడుపెందుకు?" అన్నాడు. సుంకమ్మ కూడా "అది పోతే పోయింది, నువ్వు బతికినావు," అంది. అందరికీ అది "అది". నోరు తిరగని పేరేమో అన్నట్టు ఒక్కరూ ఇంకో మాట అనలేదు.

రక్తం ఇంకా ఆగకముందే బళ్ళారి నుంచి అంగడికి సరుకిచ్చే బట్టల షావుకారు వస్తున్నాడని తెలిసింది. "నీ నాన్‌ఖటాయి అంటే ఆయప్పకు ప్రాణం. కూచోని చేసే పనే గదా," అన్నాడు ఖలందర్. హబీబా కూర్చునే చేసింది. నెయ్యీ చక్కెరా తెల్లగా నురగ తేలేదాకా అరచేత్తో రుద్దింది. మైదా కలిపి, యాలకుల పొడి చల్లి, ఉండలు చేసి, బొటనవేలితో ఒక్కో దాన్ని నొప్పి కలగనట్టు నొక్కింది. ఇసుక పోసిన తపేలాలో పళ్ళెం పెట్టి, మూత మీద నిప్పులు పేర్చింది. ఎప్పుడూ రానంత బాగా వచ్చాయి ఆ రోజు. చిట్లి, పువ్వుల్లా విచ్చుకుని. గట్టిగా పట్టుకుంటే పొడైపోయేంత గుల్లవి. పళ్ళెంలోకి తీస్తూ, తను మాత్రం ఎందుకు పొడి కాలేదా అనుకుంది.

షావుకారు తిని, "నోట్లో పెడితే కరిగిపోతాండాదప్పా!" అన్నాడు. "ఇంట్లో తీరిగ్గానే ఉంటాది, ఏదో ఒకటి చేస్తాంటాది," అన్నాడు ఖలందర్, మీసం మీది పొడి తుడుచుకుంటూ.

తలుపు వెనక నిలబడిన హబీబా ఆ మాట విని లేచిన కోపాన్ని మింగలేదు, కక్కలేదు. చెంబు తీసుకుంది. పెరట్లో నేల బీటలు వారి ఉంది. ఎందుకోగానీ ఈసారి హుస్సేన్‌బీ కూడా చెట్ల వైపు పోలేదు. ఆకులు వాలిపోయాయి. కొత్తగా తవ్వి పూడ్చిన మట్టి ఏ పాదులో ఉందో వెతకనక్కర్లేకపోయింది. హబీబా కొంగు బిగించి, అందరూ చూస్తుండగానే, ఆ పాదు దగ్గర కూర్చుని నీళ్ళు పోసింది.

"ఏయ్, ఏం చేస్తాండావు? ఈ దినాల్లో చెట్లను ముట్టుకుంటావా?" ఖలందర్ గుమ్మంలోకి వచ్చాడు. "షావుకారు సూస్తాండాడు, లోపలికి రా!"

"సూడనీ. నా బిడ్డకు నీళ్ళు పోస్తాండా."

"అమ్మా! నువ్వన్నా చెప్పమ్మా ఈ మనిషికి!"

హుస్సేన్‌బీ పెరట్లోకి వచ్చింది. కోడలి చేతిలో చెంబు లాక్కుంటుందనుకున్నారందరూ. ఆమె మోకాళ్ళు పట్టుకుని మెల్లగా, కోడలి పక్కన, తడిమట్టిలోనే కూలబడింది.

"దానికేం చెప్పల్లరా," అంది, లోపలున్న షావుకారుకు కూడా వినపడేటట్టు. "నడుము లాగుతాందని చెప్పింది. ఇనలేదు నేను. చెట్లు ఎండుతాయని నీళ్ళకు తరిమినా. తప్పు నాది, హబీబా. నీ బిడ్డను నేనే పోగొట్టినా."