ఇద్దరి రక్తమూ చూడాలి

మా అక్క కనకమ్మ కూతురు రాజమ్మనే నేను పెళ్లి చేసుకున్నాను. మా ఊళ్లో అది గొప్ప. మా కొడుకు తెల్లగా పాలిపోతుంటే దవాఖానకు తీసుకెళ్లాం. "మీ ఆలుమగలది ఒకే రక్తమా?" అని డాక్టర్ అడిగాడు. కాదన్నాను. ఇంటిపేర్లు వేరు కదా, ఒకే రక్తం ఎట్లా అవుతుందనుకున్నాను. ఏడో తరగతి తెలివి అంతే. రక్తహీనత అని ఇనుము టానిక్ రాశాడు. ఎనిమిది నెలలు తాగించాం. అది తలసీమియా అని, తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వచ్చిందని తెలిసేసరికి వాడి పొట్ట ఉబ్బిపోయింది. ఆరేళ్లకు పోయాడు. మరుసటి ఏడు అదే దిగులుతో రాజమ్మ చనిపోయింది. నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

1998లో మాదాపూర్‌లో అద్దాల భవనం కడుతుంటే అక్కడ నేను వాచ్‌మన్‌ని. రాజమ్మ తమ్ముడు యాదయ్యది అక్కడే సెంట్రింగ్ పని. ఓ ఆదివారం కనకమ్మ జనగామ నుంచి వచ్చి, కొడుకును వెంటబెట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

"మాఘంల లగ్గం పెడ్తున్న తమ్మీ. నీ బిడ్డ వసంత మా యాదిగానికే."

"ముందుగాల ఇద్దరి రక్తం చూపియ్యాలె."

"పెండ్లికి సూది పొడుసుడేందిరా? అద్దాల బంగ్లా కాడ కూసుంటె డాక్టర్‌వైనవా?"

యాదయ్య నవ్వాడు. "బావా, దినాం ఇన్ని సెంట్రింగ్ పలకలు మోస్త. నాకేం రోగం?"

"నేనూ మోసిన. మీ అక్కా మోసింది. మాకేం గన్పడలే. పోరనికి గన్పడ్డది."

అన్నం గిన్నె తెచ్చిన నా కూతురు వసంత అంతా వింది. "సూదంటె భయమా మామా? చెయ్యి వట్టుకోమంటవా?" అంది. మర్నాడు యాదయ్య మాతో దవాఖానకు వచ్చాడు. డాక్టరమ్మకు ఈసారి చుట్టరికం మొత్తం చెప్పాను.

వారానికి ఫలితం వస్తే కనకమ్మతో సహా అందరం వెళ్లాం. తలసీమియా లోపం ఇద్దరి రక్తంలోనూ ఉంది. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారని, వీళ్లు పెళ్లాడితే మాత్రం ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతని ఆమె చెప్పింది.

బయటికి రాగానే కనకమ్మ అందుకుంది. "నాలుగింట మూడు వంతులు మంచిదేనాయె!"

"ఆ ఒక్క వంతే నా ఇంట్ల ఆరేండ్లు బతికిందక్కా."

వసంత యాదయ్య వైపు తిరిగింది. "నేను తమ్మున్ని ఒళ్లె పండవెట్టుకున్న మామా. నాతోటి గాదు. బయటి పిల్లను చేస్కో. ఆమె రక్తం గూడ చూపిచ్చే చేస్కో."

యాదయ్య తల దించుకుని ఊఁ అన్నాడు. కనకమ్మ నా మీద మట్టి చల్లింది. "నా కొడుకు పెండ్లి చెడగొడ్తివి. ఇగ నా గడప తొక్కకు."

"తొక్కుత. నీ పెద్దకొడుకు పిల్లలకు గూడ మన చుట్టాలల్లనే సంబంధాలు మాట్లాడినవట. వాళ్లందర్ని రక్తం చూపియ్య తోల్కవస్త."

ఆమె ఉమ్మి వెళ్లిపోయింది. మళ్లీ ఆదివారం నేను జనగామ బస్సెక్కాను.