గొళ్ళెం బయటివైపు

"ప్రశ్నలడగడానికి కూడా జీతమిస్తారా?" అంటాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ. మ్యూజియంలో నా పని అదే. వచ్చినవాళ్ళని పదిమందిని ఒక వస్తువు ముందు కూర్చోబెట్టి, మీకేం కనిపిస్తోంది, ఎందుకలా అనిపించింది అని అడగాలి. ఒకరి మాట ఇంకొకరు అందుకుని అందరూ కలిసి ఆలోచించేలా చెయ్యాలి. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పెందుకు తగ్గిందని తప్ప ఏళ్ళ తరబడి నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఒక ఆదివారం మా ఆయన వాళ్ళమ్మని మ్యూజియానికి తీసుకుని వచ్చాడు. అప్పుడు మా ముందున్నది పాతకాలపు తలుపు. ఎవరో పెద్ద కుటుంబంవాళ్ళు తమ ఇంటినుంచి ఊడదీసి ఇచ్చారు. చెక్కిన చిలకలు బావున్నాయంది ఒక టీచరమ్మ. డాక్టరు అడిగినా తన తరఫున కొడుకే జవాబు చెప్పే మా అత్తగారు, ఉన్నట్టుండి చెయ్యెత్తింది.

"గొళ్ళెం బయటివైపుంది."

"సామాన్ల గదేమోనమ్మా," అన్నాడొక పెద్దాయన.

"సామాన్లయితే లోపలివైపు కింద ఆ గీతలెందుకు? ఇందాక వెనకనుంచి వస్తూ చూశాను. అవి గోళ్ళు."

పెద్దాయన తలుపు వెనక్కి వెళ్ళి, వంగి చూశాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, ఊరుకో," అన్నాడు మా ఆయన.

 అయినా నేను అడిగాను. "ఎందుకలా అనిపించింది అత్తయ్యా?"

"నన్నూ ఇలాగే గదిలో పెట్టి గొళ్ళెం వేశారుగా. పెళ్ళైన మూడో ఏడు, ఒక్క మాట ఎదురు చెప్పానని. నలభై రోజులు."

టీచరమ్మ లేచొచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

మర్నాడు మా ఆఫీసరు పిలిచాడు. "తలుపు ఇచ్చినవాళ్ళు నిన్నటి మాటలు తెలిసి నొచ్చుకున్నారు. మీ అత్తగారికి మతి స్థిమితం లేదని రాసివ్వండి. లేదంటే మీ చోట్లో ఇంకొకరిని చూసుకోవాల్సొస్తుంది."

సాయంత్రం మా ఆయన తెల్లకాగితం నా ముందు పెట్టాడు. "రాసెయ్. మన పరువూ దక్కుతుంది."

రాయడం మొదలుపెట్టాను. అబద్ధమెందుకు, ఆ ఉద్యోగం నాకు కావాలి. నా గొంతు నాకు వినబడేది అక్కడొక్కచోటే. 'మా అత్తగారికి మతి' దాకా వచ్చేసరికి, ఉతికిన బట్టలు మడత పెడుతున్న ఆవిడ తలెత్తకుండానే అంది.

"రాసెయ్యమ్మా. నన్ను గదిలో పెట్టినప్పుడు మా నాన్నకీ ఇదే రాశారు. ఆయన నమ్మాడు."

కాగితం చింపేశాను.

నెలాఖరుకి ఉద్యోగం పోయింది. మా ఆయన నాతోనూ, వాళ్ళమ్మతోనూ మాటలు మానేశాడు. ఇప్పుడీ ఇంట్లో మాట్లాడుకునేది మేమిద్దరమే.