పదకొండో ఫోటో

మా ఊరు మోసుల్‌లో నది ఒడ్డున ఒక చాయ్ కొట్టు ఉంది. అందులో ప్రతి శుక్రవారం సాయంత్రం నేను ఒక ఆట ఆడించేవాణ్ణి. ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి, రిటైరయ్యాక నోరు ఊరుకోలేదు. గోడకు తెల్ల దుప్పటి కట్టి దాని మీద ప్రొజెక్టర్‌తో ఫోటోలు వేసేవాణ్ణి. కొన్ని పాత కట్టడాలవి. గూని మినార్ అంచో, గడియారం చర్చి కిటికీయో, కోట గోడలో నాలుగు రాళ్లో మాత్రం చూపించి ఏమిటో చెప్పమనేవాణ్ణి. మిగతావి యుద్ధంలో మావాళ్లు చేతికి దొరికినవాటితో చేసుకున్న వస్తువులు: వాషింగ్ మెషీన్ డ్రమ్ముతో పొయ్యి, తొక్కితే ఫోన్ ఛార్జయ్యే సైకిలు, నీళ్ల ట్యాంకులో దాచిన డిష్ యాంటెనా. జనం పగలబడి నవ్వేవారు. ఆ రోజుల్ని తలుచుకుని నవ్వగలుగుతున్నారంటే గాయం మానుతున్నట్టేనని నేను అనుకునేవాణ్ణి.

కట్టడాల దగ్గర గజ్వాన్‌ను గెలిచినవాడు లేడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. పాతబస్తీలో అతను ఎక్కని మేడ లేదు కాబట్టి రాయి చూసి గోడ చెప్పేవాడు, గోడ చూసి వీధి చెప్పేవాడు. వస్తువుల దగ్గర మంగలి హక్కీ ముందుండేవాడు. సరైన జవాబు తెలిసినా ముందు ఒక తప్పుడు జవాబు చెప్పి నవ్విస్తేగాని అతనికి తృప్తి ఉండేది కాదు.

ఆ శుక్రవారం పదకొండో ఫోటో వేశాను. తామిర్ అనే ఫోటోగ్రాఫర్ నాకు ఇచ్చిన వందల ఫోటోల్లో అదొకటి. కింద ఏమీ రాసి లేదు. తలుపు లేని నీలం ఫ్రిజ్, బురదలో వెల్లకిలా పడి ఉంది. చుట్టూ నాలుగు లారీ ట్యూబులు తాడుతో కట్టి ఉన్నాయి. పక్కనే ఒక గొర్రె. నిజం చెప్పాలంటే అదేమిటో నాకూ తెలియదు. ఎవరైనా చెబుతారులే అనుకుని వేశాను.

"పెళ్లికొడుకు స్నానం తొట్టి," అన్నాడు హక్కీ. "ఆ గొర్రె పెళ్లికూతురు."

అందరూ నవ్వారు. "మేత తొట్టి," అన్నారొకరు. "గజ్వానన్నా, ఫ్రిజ్ నీ శాఖ కదా, చెప్పవేం?" అన్నాడు హక్కీ మళ్లీ.

గజ్వాన్ లేచి దుప్పటి దగ్గరికి నడిచాడు. ఫోటో అతని వీపు మీద పడింది. పక్కకు జరిగి ఫ్రిజ్ అడుగున ఒక మూల వేలు పెట్టాడు.

"ఇక్కడ కంప్రెసర్ ఉండేది. తీసేసి, ఆ కన్నానికి నూనె డబ్బా రేకు కొట్టి, పైన తారు పూశాను," అన్నాడు. "ఇది పడవ. నేనే చేశాను."

తర్వాత నా వైపు తిరిగి, "ఉస్తాద్, ఇది ఎక్కడ తీసింది?" అన్నాడు.

అతని కథ ఊళ్లో చాలామందికి తెలుసు. ఫ్రిజ్ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఏడేళ్ల కిందట, యుద్ధం నడుస్తున్న వసంతంలో, వంతెనలన్నీ కూలిపోయాయి. తూర్పు ఒడ్డు ఊరిని ఆక్రమించినవాళ్ల చేతిలోంచి విడుదలైంది, వాళ్లింకా కాచుకున్న పడమటి ఒడ్డున గజ్వాన్ కుటుంబం ఇరుక్కుపోయింది. ఆ ఫ్రిజ్ పడవలో ఇద్దరికంటే ఎక్కువ పట్టరు. ఒక తెల్లవారుజామున, పొగమంచులో, అతని తమ్ముడు మిక్దాద్ ముందు వదినను, అంటే గజ్వాన్ భార్య మైసూన్‌ను, చంటివాడితో సహా దాటించాడు. చంటివాడు ఏడిస్తే తుపాకులు మోగుతాయని వాళ్లను ముందు పంపారు. మిక్దాద్ తిరిగొచ్చి రెండోసారి గజ్వాన్ కూతురు రుబాను ఎక్కించుకున్నాడు. పిల్లకు పదకొండేళ్లు. నది పొంగులో ఉంది. ఈ ఒడ్డున తండ్రి, ఆ ఒడ్డున తల్లి నిలబడి చూస్తుండగా ప్రవాహం పడవను పక్కకు లాగింది. కూలిన వంతెన కింద మంచులోకి వెళ్లి అది మళ్లీ కనబడలేదు. ఈ ఒడ్డు నుంచి పిలవడానికి లేదు, పిలిస్తే కాలుస్తారు.

అంతకుముందు గజ్వాన్‌ను అందరూ అబూ రుబా అనేవాళ్లం. రుబా వాళ్ల నాన్న. తర్వాత ఆ పిలుపు ఎవరి నోటా రాలేదు.

చాయ్ కొట్టులోంచే నేను తామిర్‌కు ఫోన్ చేశాను. "ఆ ఏడాది పదివేల ఫోటోలు తీశానండీ ఉస్తాద్. ఎక్కడని చెప్పను? కెమెరా కార్డు కూడా పోయింది," అన్నాడు పాపం.

అప్పుడు మొదటిసారి ఆ గదిలో ఆట నిజంగా మొదలైంది. ఫోటోను పెద్దది చేసి మూలమూలా వెతికాం. దిగువన ఎక్కడో నది ఒడ్డు. వెనక మసగ్గా ఒక దిబ్బ, మూడు ఇటుక స్తంభాలు, వాటిలో ఒకటి పొట్టిది. గజ్వాన్ కళ్లు చిట్లించి చూసి తల అడ్డంగా ఊపాడు. ఊళ్లో ప్రతి రాయీ తెలిసినవాడికి ఊరి బయటి ఆ మూడు స్తంభాలు తెలియలేదు.

హక్కీ లేచి దుప్పటి దగ్గరికి వచ్చి చూశాడు. చివరికి, "పాత పంపుల షెడ్డు అది," అన్నాడు. "హమ్మామ్ అలీల్ ఊరు దాటాక, మా అమ్మమ్మ వాళ్ల ఊరి దగ్గర. చిన్నప్పుడు ఆ పొట్టి స్తంభం మీంచే నీళ్లలోకి దూకేవాళ్లం." ఆగి, "అన్నా, ఇందాక నేనేదో కూశాను. మనసులో పెట్టుకోకు," అన్నాడు.

"నీకేం తెలుసురా," అన్నాడు గజ్వాన్. "రేపు పొద్దున దారి చూపించు."

మర్నాడు ముగ్గురం నా కారులో వెళ్లాం. దారంతా గజ్వాన్ లెక్కలు వేస్తూనే ఉన్నాడు. "ట్యూబులు ఊడలేదు చూశారా ఉస్తాద్. అంటే మునగలేదు. మిక్దాద్‌కు ఈత వచ్చు. పిల్లను ఎవరైనా పెంచుకుంటున్నారేమో. ఇప్పుడు పద్దెనిమిది ఉంటాయి." నేను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కారు నడిపాను.

ఫ్రిజ్ అక్కడే ఉంది. ట్యూబులు లేవు, రంగు వెలిసింది, గొర్రెలు అందులో నీళ్లు తాగుతున్నాయి. గజ్వాన్ మోకాళ్ల మీద కూర్చుని అడుగున చేయి పెట్టి తడిమాడు. "నాదే," అన్నాడు.

గొర్రెలవాడు అబూ దహామ్ ముసలాయన. "నీదైతే తీసుకుపో తమ్ముడూ. నాకు ఇంకోటి దొరుకుతుంది."

"నాకు ఇది వద్దు బాబాయ్. ఇందులో వచ్చినవాళ్లు కావాలి."

ముసలాయన ముఖం మారిపోయింది. "ఆ వసంతంలో మేం శరణార్థుల క్యాంపులో ఉన్నాం. ఎండాకాలం తిరిగొచ్చేసరికి ఇది బురదలో పడి ఉంది. ఖాళీగా."

"బోర్లా పడి ఉందా, వెల్లకిలానా?"

"ఇప్పుడున్నట్టే, వెల్లకిలా."

"చూశారా ఉస్తాద్, తిరగబడలేదు."

"నది ఒక చోట తిరగేసినదాన్ని ఇంకో చోట సరిగ్గా పెడుతుంది నాయనా," అన్నాడు అబూ దహామ్ మెల్లిగా. "దాన్ని నమ్మి నీకేమని చెప్పను?"

ఆ పల్లెలో ఇంటింటికీ తిరిగాం. అక్కడ ఎవరూ నది నుంచి వచ్చిన పిల్లను చూడలేదు, పెంచుకోలేదు. శ్మశానం కాపలాదారు ఒక మూల చూపించాడు. అక్కడ పేర్లు లేని సమాధులు ఒక వరుస, రాళ్ల మీద అంకెలు. ఆ ఏడాది నీళ్లలో కొట్టుకొచ్చినవాళ్లట.

"ఇందులో చిన్నవి ఉన్నాయా?" అన్నాడు గజ్వాన్.

"ఉన్నాయి. ఆడో మగో నాకు తెలియదు. రాసిన పుస్తకం నగరానికి పట్టుకుపోయారు. అక్కడ అడగండి. రక్తం ఇస్తే డీఎన్ఏ సరిపోలుస్తారట."

"ఇచ్చాను. నేనూ, మా ఆవిడా. ఆరేళ్లయింది," అన్నాడు గజ్వాన్.

కాపలాదారు తలొంచుకున్నాడు. గజ్వాన్ ఆ వరుస వెంబడి ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచాడు. ఏ రాయి దగ్గరా ఆగలేదు. ఎక్కడ ఆగాలో తెలిస్తే కదా. హక్కీ, నేను గేటు దగ్గర నిలబడిపోయాం. ఆ ఫోటో వేయకుండా ఉంటే బాగుండేదేమోనని నాకు అనిపించింది. వెంటనే, దాచి ఉంటే అది ఇంకా ఘోరమేమోననీ అనిపించింది. ఏది సరో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తిరుగు దారిలో మైసూన్ ఫోన్ చేసింది. గజ్వాన్ చెవిన పెట్టుకున్నాడు.

"చోటు దొరికింది," అన్నాడు. అవతల ఆమె ఏదో అడిగింది. అతను ఫోన్ నా చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగాడు.

కారు పక్కకు ఆపాను. "అమ్మా, నేను," అన్నాను.

"చెప్పండి ఉస్తాద్."

"పడవ అక్కడే ఉందమ్మా. చెక్కు చెదరలేదు. అంతకుమించి ఏమీ తెలియలేదు."

ఫోన్‌లో వెనక ఇంట్లో పిల్లవాడు పాఠం గట్టిగా చదువుతున్నాడు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

"పొద్దుననగా వెళ్లారు. ముగ్గురూ ఏమైనా తిన్నారా?" అంది చివరికి.

"లేదమ్మా."

"అయితే వచ్చేయండి. బుర్గుల్ నూక పొయ్యి మీద పెడతాను."