అట్టముక్క మీద చుక్కలు

నాకు ముక్కు మీద కోపమని మా అక్క అంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ట్రాక్టర్లు బాగుచేస్తున్నవాడికి కోపం ముక్కు మీద కాక ఇంకెక్కడ ఉంటుంది? అందులోనూ ఒకే ట్రాక్టరుకి ఒకే సీలు కోసం మూడోసారి వెళ్ళాల్సి వస్తే.

ఆ ట్రాక్టరు మా బావది. వయసులో నాకంటే నాలుగేళ్ళే చిన్నది, అందుకే ఇంట్లో అందరూ ముసలమ్మ అంటారు. వెనక నాగలిని ఎత్తే లిఫ్టు చేతుల ఇరుసు దగ్గర హైడ్రాలిక్ ఆయిల్ కారడం మొదలైంది. విప్పి చూస్తే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు నిజంగానే ఎండిపోయి అంచులు పగిలి ఉంది. కొత్తది వేసి, గీత దాకా ఆయిల్ పోసి, "ఇంక పదేళ్ళు దీని వంక చూడనక్కర్లేదు బావా" అని గొప్పగా చెప్పి వచ్చాను. వారం తిరక్కుండానే అక్క ఫోను చేసింది. సీలు నాసిరకమని దుకాణంవాణ్ణి తిట్టి ఇంకొకటి వేశాను. అదీ కారింది. ఆడలేక మద్దెల ఓడన్నాడని బావ నన్ను దెప్పలేదు. దెప్పకపోవడమే నాకు ఎక్కువ మండింది.

మూడోసారి వెళ్ళేసరికి షెడ్డులో ముసలమ్మ కింద ఓ అట్టముక్క పరిచి ఉంది. దాని మీద అరచేతంత మరక.

"ఆదివారం దాకా చూస్తాను బావమరిదీ" అన్నాడు బావ. "అప్పటికీ అట్ట మీద చుక్క కనపడితే పాత ఇనుము వాళ్ళకి కబురు పెట్టేస్తా. ఎంతకాలమని దీన్ని సాకుతాం?"

మాట తేలిగ్గానే అన్నాడు కానీ చెయ్యి మాత్రం మడ్‌గార్డుని నిమురుతోంది. అక్క నన్ను వరండాలోకి లాక్కెళ్ళింది.

"ఎలాగైనా ఆపరా" అంది. "మోకాళ్ళ నొప్పులొచ్చాక ఈయన మంచం దిగేది దానికోసమే. అది పోయిందనుకో, ఇదిగో, ఈ కుర్చీలో కూలబడతారు. మళ్ళీ లేవరు."

మా అక్క నాకు పెట్టడమే తప్ప నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ కుర్చీ వైపు చూస్తే నా గుండెల్లో రాయి పడింది. అప్పటిదాకా అది నా పరువు సంగతి. ఇప్పుడు కాదు.

లిఫ్టు చేతులు నేలకి దించి, ఇంజను ఆపి, సీలు విప్పాను. దాని మీద గీత కూడా పడలేదు. మూలనున్న డబ్బా చూశాను. తగ్గితే పోసుకోమని మొదటిసారి నేనే తెచ్చిపెట్టిన ఆయిల్ అది. మూత విప్పనేలేదు. మూడు వారాలుగా ఎవరూ పోయకుండా ఇంత ఆయిల్ కారుతుంటే నాగలి ఎలా లేస్తోంది? నాకు ఒళ్ళు మండిపోయింది.

సీలు బిగించి, వెనక భాగమంతా కిరసనాయిలుతో కడిగి, పొడిగా తుడిచి, "అక్కా, నీ ముఖానికి రాసుకునే పౌడరు పట్రా" అన్నాను.

"ముసలమ్మకి పౌడరెందుకురా?"

"పెళ్ళిచూపులున్నాయి."

డబ్బా సగం ఖాళీ చేసి చల్లాను. ఆయిల్ ఎక్కడ పుడితే అక్కడ తెల్లటి పౌడరు తడిసి దొరికిపోతుంది. బావని ఇంజను వేసి లిఫ్టు ఎత్తుతూ దించుతూ ఉండమన్నాను. ఆయన చెంగున సీటెక్కాడు. మోకాళ్ళ నొప్పులు కిందే ఆగిపోయినట్టున్నాయి. మేమిద్దరం దూరంగా నిలబడి చూశాం.

అరగంటకి తడి చార కనపడింది. సీలు దగ్గర కాదు, దానికి జానెడు పైన, గాలి ఆడేందుకు పెట్టిన చిన్న మూత దగ్గర. అక్కణ్ణుంచి జారి, సరిగ్గా నా సీలు పక్కనుంచే బొట్లుగా పడుతోంది.

ఇంజను ఆపించి, ఆయిల్ చూసే పుల్ల లాగాను. రెండుసార్లు వచ్చి సీలు చూశాను, నట్లు చూశాను, దుకాణంవాణ్ణి తిట్టాను, పుల్ల మాత్రం తియ్యలేదు. కారే బండిలో ఆయిల్ తక్కువే ఉంటుందని నా మహాజ్ఞానం. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఆయిల్ పై గీత దాటి బెత్తెడు ఎక్కువుంది. వేడెక్కి పైనుంచి పొంగుతోంది.

"ఎవరు పోశారు?" అన్నాను.

అక్క పౌడరు డబ్బా మూత అటూ ఇటూ తిప్పింది. "నేనే. పొద్దున్నే ఈయన లేవకముందు ఓ గ్లాసుడు. నాగలి లేవని రోజున దీన్ని సాగనంపేస్తారని, కారినా కారకపోయినా ముందు జాగ్రత్తకి." ఆవిడ డబ్బా కుట్టుమిషను వెనక ఉందట.

బావ సీటు మీద నుంచి మెల్లగా దిగాడు. "మరి నేను సాయంత్రాలు పోస్తున్నానే" అన్నాడు అక్కతో. ఆయన డబ్బా దాణా బస్తాల వెనక. "వీడు బాగుచేశాక కూడా లిఫ్టు లేవలేదంటే వీడికి తలవంపులు కదా. నీకు కష్టంగా ఉంటుందనీ."

కళ్ళజోడు లేనిదే బావకి పుల్ల మీద గీతలు కనపడవు. అక్కకి ఆ పుల్ల ఎందుకో కూడా తెలియదు. వాళ్ళు పోసినకొద్దీ అది కారింది, కారినకొద్దీ వాళ్ళు పోశారు.

"అంటే నా పని మీద ఇద్దరికీ నమ్మకం లేదన్నమాట."

"నమ్మకం వేరు, జాగ్రత్త వేరురా" అంది అక్క.

తిట్టడానికి నోరు తెరిచాను. కానీ నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద బతికి, ఒకరి కోసం ఒకరు దొంగచాటుగా ఆయిల్ పోసే ఈ ఇద్దరినీ చూస్తే నాకు చచ్చేంత ప్రేమ వచ్చింది. కళ్ళలో కిరసనాయిలు పడిందని చెప్పి ముఖం కడుక్కున్నాను.

ఎక్కువైన ఆయిల్ బకెట్లోకి దింపి, గీత దగ్గర ఆపి, రెండు దొంగ డబ్బాలూ స్వాధీనం చేసుకున్నాను. "ఇకనుంచి రోజూ పొద్దున బావ పుల్ల లాగాలి, అక్క గీత చూసి చెప్పాలి. ఒకరు లేకుండా ఒకరు దాన్ని ముట్టుకున్నారో, నేను మళ్ళీ ఈ గుమ్మం తొక్కను" అన్నాను. ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. దున్నే పని లేదు, బండి తియ్యాల్సిన అవసరమూ లేదు. అయినా షెడ్డులోంచి మాటలు వినపడుతున్నాయి.

"గీత మీదే ఉందండీ."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

"ఇంకోసారి చూడు."

కింద కొత్త అట్టముక్క పొడిగా ఉంది. నేను లోపలికి వెళ్ళకుండా వరండాలో కూర్చుందామనుకున్నాను. కుర్చీలో చోటు లేదు. అక్క దాని నిండా ఉతికిన దుప్పట్లు పేర్చింది.