రెండు చుక్కల పచ్చదోమ

ఆ ఇంట్లో అత్తగారికి మొక్కలంటే ప్రాణం, కోడలికి ఆ మొక్కల్ని పీల్చుకు తినే పురుగులంటే ప్రాణం. ఇద్దరి మధ్యా నలిగే మగమనిషి ఏ పక్షమూ చేరకుండా, పళ్లెంలోంచి తలెత్తకుండా భోజనం ముగించి లేచిపోయేవాడు. అంతకంటే తెలివైన పని ఆ ఇంట్లో ఎవరూ చేసి ఎరగరు.

అత్తగారిని వీధిలో అందరూ తోటమ్మ అంటారు. ఒకసారి వడగళ్ల వానకు ఆవిడ ద్రాక్షతోటంతా నేలమట్టమైంది. బతికి బట్టకట్టిన ఒకే ఒక్క తీగ నుంచి ముక్కలు కోసి, వేళ్లు పట్టించి, కంటికి రెప్పలా కాచుకుని ఇంటి వెనక మళ్లీ నారుతోట నిలబెట్టింది. కోడలు మొక్కల పరీక్షశాలలో ఉద్యోగి. ఎక్కడి నుంచి ఏ పురుగు వచ్చినా అది ఏ జాతిదో తేల్చి చెప్పడం ఆమె పని.

ఒక రాత్రి భోజనాల దగ్గర తోటమ్మ ఒక చిన్న సీసా తెచ్చి కోడలి ముందు పెట్టింది. అంటుమొక్కల ఆకుల కింద ఈ పురుగులు దొరికాయట. కోడలు చేతిసంచిలోంచి భూతద్దం తీసి చూసింది. లేతపచ్చ ఒళ్లు, ఇంటికప్పులా వాల్చిన రెక్కలు, నుదుటి మీద రెండు నల్లచుక్కలు. పచ్చదోమ.

చిక్కంతా ఆ చుక్కల దగ్గరే ఉంది. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండే జాతులు రెండున్నాయి. ఒకటి ఆకు రసం తాగి తన దారిన తాను పోతుంది. రెండోది తీగ నుంచి తీగకు పసుపు తెగులు మోస్తుంది. అది కనబడిన నారుతోటను మొత్తం పీకి తగలబెట్టాలి, ఇంకో మార్గం లేదు. రంగూ చుక్కలూ చూసి పచ్చదోమకు పేరు పెట్టేవాళ్లను పరీక్షశాలలో అందరికంటే ఎక్కువ వెక్కిరించేది ఈ కోడలే. కానీ ఆ పూట తన నోటి వంకే చూస్తున్న అత్తగారి మొహం చూసింది. మామూలు రకమే, భయం లేదని చెప్పేసింది.

తోటమ్మ ఊపిరి పీల్చుకుంది. అప్పటికప్పుడు పక్క తోట ఆయనకు ఫోన్ చేసి, రేపు మధ్యాహ్నం బండి తెచ్చుకుని అంటుమొక్కలు పట్టుకెళ్లమంది. కోడలు సీసా మూత బిగించి చేతిసంచిలో వేసుకుంది.

మర్నాడు పరీక్షశాలలో కూర్చోగానే ఆ సీసాయే తీసింది. ఈ రెండు జాతుల మధ్య తేడా మగదాని తోక లోపల మాత్రమే ఉంటుంది, ఆడవాటిలో ఎంత వెతికినా దొరకదు. సీసాలో అన్నీ ఆడవే అయితే బాగుండునని ఒక్క క్షణం అనుకుంది కూడా. తెలియకపోతే చెప్పక్కర్లేదు కదా. కానీ అడుగున ఒక మగది ఉంది.

దాని తోక కొస కత్తిరించి గోరువెచ్చని క్షారంలో వేసింది. కాసేపటికి లోపలి కండంతా కరిగిపోయి గాజులాంటి పెంకు మిగిలింది. దాన్ని గ్లిజరిన్ చుక్కలో ఉంచి, సూదిమొనతో పక్కకు తిప్పి, సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టింది. మామూలు రకానికి అక్కడ కొడవలిలా ఒంటిమొన ఉంటుంది. ఇక్కడ మొన రెండుగా చీలింది. ఆ రెండు కొసలూ బయటికి వంపు తిరిగాయి, వాటి అంచుల వెంట ఎవరో ఆకురాయితో తీర్చినట్టు సన్నని పళ్లున్నాయి. పుస్తకాల్లో బొమ్మలుగా చూడడమే తప్ప తన చేత్తో తీసి చూడడం ఆమెకు ఇదే మొదలు. ఎంత బాగుంది అనుకుంది ముందు. తర్వాతే అది తెగులు మోసే రకమనీ, అత్తగారి తోట పోయినట్టేననీ తట్టింది. ముందు అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

సొంత ఇంటి నమూనా కాబట్టి తన ఒక్కదాని మాట చాలదని పరీక్షశాల పెద్దసారుకూ చూపించింది. ఆయన చాలాసేపు చూసి, ఇంటికి కబురు తాను చెప్పనా అని మాత్రం అడిగాడు. కోడలు వద్దని, తానే అత్తగారికి ఫోన్ చేసి ఒకసారి పరీక్షశాలకు రమ్మంది.

తోటమ్మ ఆదరాబాదరాగా వచ్చింది. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు పురుగును చూపించింది కోడలు. వెనకకాళ్ల నిండా దువ్వెనపళ్లలాంటి ముళ్లు. ఒంట్లో తయారయ్యే తెల్లటి పొడిని ఆ కాళ్లతోనే ఒళ్లంతా పులుముకుంటుందనీ, అందుకే దాని మీద నీటిచుక్క నిలవదనీ చెప్పింది. "ఇంత సోకా దీనికి" అని ముచ్చటపడింది తోటమ్మ. తర్వాత తోక లోపలి భాగం చూపించింది. అదేమిటని అడిగితే కోడలు నేలచూపులు చూస్తూ, అది మగతనానికి సంబంధించిందని నసిగింది. పెద్దసారు ఉన్నట్టుండి ఏదో పని గుర్తొచ్చి బయటికి వెళ్లాడు. తోటమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

కోడలు పరీక్షశాలలో దాచిన మామూలు రకం మగదాని తోకభాగం ఉన్న గాజుపలకను పక్కన పెట్టింది. తోటమ్మ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ముందుది, వెనకది, మళ్లీ ముందుది. నవ్వు ఆగిపోయింది.

"ఇవి రెండూ ఒకటి కాదు కదమ్మా."

"కాదత్తయ్యా."

"మరి రాత్రి భయం లేదన్నావు?"

"నిన్న నేను పురుగును చూసి చెప్పలేదు. మీ మొహం చూసి చెప్పాను."

తోటమ్మ ఫోన్ తీసి పక్క తోట ఆయనకు చేసి, బండి తేవద్దంది. ఎందుకని ఆయన అడిగినట్టున్నాడు. తన తోటలో తెగులు పురుగు ఉందనీ, సాయంత్రానికల్లా తానే మొక్కలన్నీ పీకి తగలబెడుతుందనీ, ఆయన కూడా తన తీగలు ఒకసారి చూసుకోవాలనీ చెప్పింది. ఆ మాటలంటున్నప్పుడు ఆవిడ గొంతు ఎక్కడా తడబడలేదు. కోడలికే ఏడుపు ఆగలేదు.

ఫోన్ పెట్టేసినా తోటమ్మ లేవలేదు. మళ్లీ సూక్ష్మదర్శినిలోకి వంగింది.

"చాలు అత్తయ్యా, ఇంకెందుకు చూడటం?"

"ఉండవే. వడగళ్ల వానలో ఆ తీగ బతికిన రోజు పైన ఎవరో నా మీద దయ తలిచారనుకున్నాను. వాళ్లే దీన్నీ ఇంత ఓపిగ్గా, ఒక్కో పన్నూ చెక్కి పంపారన్నమాట." ఆవిడ కన్ను తియ్యలేదు. "నాకు కోపం రావడం లేదే. ఎంత ప్రయత్నించినా రావడం లేదు."