యాభై ఎనిమిదో ఓటు

జెస్సీ మూడోసారి లెక్కపెట్టింది. ఆమె నోటుబుక్కులో యాభై ఎనిమిది పేర్లున్నాయి. బడిగోడకు ఇప్పుడే అంటించిన ఫలితాల కాగితంలో కృపారాణి పేరుకు ఎదురుగా ఉన్న ఓట్లు కూడా యాభై ఎనిమిదే.

"ఒక్కరు కూడా మాట తప్పలేదు వదినా! ప్రమాణం చేసినోళ్ళు చేసినట్టే గుద్దినారు!"

కృపారాణి ఆ అంకెను మళ్ళీ చదువుకుంది. ఆ లెక్క తప్పని అక్కడున్న రెండు మూడు వందల మందిలో ఆమె ఒక్కదానికే తెలుసు. రావలసింది యాభై ఏడు. ఎందుకంటే నోటుబుక్కులో మొదటి పేరు ఆమెదే. ఆమె తన ఓటు తనకు వేసుకోలేదు.

మరి ఆ యాభై ఎనిమిదో ఓటు ఎవరిది?

మూడు వారాల కిందట ఈ కథ ఒక ఇనుప కడ్డీతో మొదలైంది. వడమాలపేట దాటి రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే కొత్తమిట్ట పంచాయతీ. ఊరికీ కాలనీకీ నీళ్ళు మళ్ళించే వాల్వు ఒక్కటే. దాన్ని తిప్పే కడ్డీ సుబ్రమణ్యం ఇంటి వరండాలో ఉంటుంది. కాలనీకి రోజు మార్చి రోజు పావుగంట నీళ్ళు. ముందు అది కృష్ణమూర్తి వరండాలో ఉండేది. అప్పుడూ పావుగంటే. సర్పంచి ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గాని, ఊళ్ళో ఉన్నవి వీళ్ళిద్దరివీ రెండే గుంపులు. పైన ఒక పార్టీ గెలిస్తే కడ్డీ ఈ వరండాకు, ఇంకో పార్టీ గెలిస్తే ఆ వరండాకు. కాలనీ ఓటర్లు ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది ఆ వరండా మార్చడమే.

ఈసారి సర్పంచి పదవి మహిళలకు వచ్చింది. సుబ్రమణ్యం తన భార్య మునిరత్నమ్మ చేత, కృష్ణమూర్తి తన భార్య కోమలి చేత నామినేషన్ వేయించారు. గోడల మీద భర్తల ఫొటోలు పెద్దవి, భార్యల ఫొటోలు చిన్నవి. మూడో నామినేషన్ కాలనీలో జాకెట్లు కుట్టే కృపారాణిది.

మర్నాడు పొద్దున్నే సుబ్రమణ్యం కాలనీకి వచ్చాడు.

"నిలబడు తల్లీ, గట్టిగా నిలబడు. ఎవురెన్ని జెప్పినా ఎనక్కి తీసుకోవద్దు."

కాలనీ ఓట్లు ఈసారి కృష్ణమూర్తివి. వాటిని చీల్చడానికి ఈయన తనను దువ్వుతున్నాడని కృపారాణికి అర్థమైంది. గుడ్డ చూస్తే ఎంత వెడల్పు పన్నానో తెలిసినట్టు, మనిషిని చూస్తే ఎంత అవసరమో ఆమెకు తెలుస్తుంది.

"నిలబడతానన్నా. అయితే ఉత్త చేతుల్తో అడిగితే నాకెవురేస్తారు? ఆ వాల్వు కడ్డీ ఇట్లా ఇయ్యి."

సుబ్రమణ్యం ఆ సాయంత్రమే కడ్డీ పంపాడు. "ఐదేండ్లూ నీకాడే పెట్టుకో" అని కూడా కబురు చేశాడు. ఆ రోజు నుంచి కాలనీకి గంటసేపు నీళ్ళు.

కృష్ణమూర్తి ఊరుకుంటాడా? నామినేషన్లు వెనక్కి తీసుకునే రోజున ఆటో దిగి నేరుగా ఆమె కుట్టుమిషను ముందర కూర్చున్నాడు.

"ఏమ్మే, నీకేసే ఒక్కో ఓటూ సుబ్రమణ్యానికి పడినట్టే. తెలుసునా? ఎనక్కి తీసుకో. మేం గెలిస్తే ఆ కడ్డీ నీకాణ్ణుంచి ఎవుడు తీసకపోతాడో నేను సూస్తా."

"మీరు గెల్సినప్పుడు పావుగంటే ఇడిస్తిరి గదన్నా."

"అప్పుటికీ ఇప్పుటికీ గడియారాలు మారలేదా?" అన్నాడు కృష్ణమూర్తి నవ్వుతూ.

ఆమె వెనక్కి తీసుకోలేదు. గుర్తులిచ్చిన రోజు కాలనీ అంతా పగలబడి నవ్వింది. పేర్ల వరసలో పంచితే కృపారాణికి ఉంగరం, కోమలికి కత్తెర, మునిరత్నమ్మకు క్రికెట్ బ్యాటు వచ్చాయి.

"జాకెట్లు కుట్టేదానికి ఉంగరమంట, సూది పట్టనామెకు కత్తెరంట!" అని జెస్సీ అధికారి ముందరే అనేసింది.

అసలు పోరు కాలనీలోనే జరిగింది. పెద్దాయన ఓబయ్య చర్చి మెట్ల మీద కూర్చుని తేల్చి చెప్పాడు.

"మంచిదానివేలే కృపా. కానీ రెండెద్దుల బండికి మూడో ఎద్దును యాడ కడతావు? నీకేస్తే ఓటు పాడైపోతాది."

"ఇరవై ఏండ్లు పాడుగాకుండా ఏసినావు గదా మామా. ఏమొచ్చినాది? పావుగంట నీళ్ళు. నేను గెలవనని నాకూ తెలుసు. కానీ మనకాడ ఇన్ని ఓట్లుండాయి, ఇవి ఎవురి జేబులోనూ లేవు అని కాగితం మీద కనపడితే, ఆ ఇద్దురూ మన గడప తొక్కాల్సిందే."

జెస్సీ రేణిగుంట ఫ్యాక్టరీ షిఫ్టు దిగగానే నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఇష్టమున్నవాళ్ళు ప్రమాణం చేసి పేరు రాయించుకున్నారు. ఓబయ్య చివరి రోజు దాకా బెట్టు చేసి, గొణుక్కుంటూ యాభై ఎనిమిదో పేరు రాయించాడు.

ఇందరిని ఒప్పించిన కృపారాణి పోలింగ్ రోజు ఉదయం అట్టపెట్టె చాటున నిలబడి తనను తాను ఒప్పించుకోలేకపోయింది. నేను ఎలాగూ గెలవను. మునిరత్నమ్మ గెలిస్తే సుబ్రమణ్యం సాయంత్రానికే కడ్డీ అడుగుతాడు. కోమలి గెలిస్తే ఆయనకు అడిగే దమ్ముండదు. ఒక్క ఓటే కదా, పనికొచ్చే చోట వేద్దాం. ముద్ర కత్తెర మీద పడింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ ముగిసింది. రెండింటికి బడిలోనే లెక్కింపు మొదలైంది. నాలుగు దాటాక అధికారి బయటికొచ్చి చెమట తుడుచుకున్నాడు.

మునిరత్నమ్మ 271. కోమలి 271. కృపారాణి 58.

రెండు గుంపులూ ఒక్కసారిగా కేకలు పెట్టాయి. రెండుసార్లు మళ్ళీ లెక్కించినా అవే అంకెలు. ఇక లాటరీయే అన్నాడు అధికారి. రెండు చీటీలు మడిచి స్టీలు గ్లాసులో వేశాడు. అందరి ముందరా గ్లాసు ఊపి, ఒకటి తీసి విప్పాడు.

"మునిరత్నమ్మ!"

కృపారాణి కళ్ళు మూసుకుంది. పనికొచ్చే చోట వేసిన ఓటు గ్లాసు అడుగున మిగిలిపోయింది.

టపాసులింకా మోగుతుండగానే సుబ్రమణ్యం మెడలో దండతో వచ్చాడు. గెలిచింది భార్య అయినా పెద్ద దండ ఆయనకే పడింది.

"మే కృపారాణీ, మంచి పని చేసినావు. ఆ కడ్డీ పట్రా."

"ఐదేండ్లూ పెట్టుకోమంటివి గదన్నా?"

"అది ఓట్ల ముందర మాట. ఓట్లైపోయినాయి గదా!"

జెస్సీ అడ్డం వచ్చింది. "యాభై ఎనిమిది ఓట్లన్నా ఈడ. నువ్వు ఒక్క ఓటుతో కూడా గెలవలేదు, గ్లాసుతో గెల్సినావు!"

"ఏయ్, నోరు..."

"మీరుండండి." వెనక నుంచి మునిరత్నమ్మ గొంతు. "దండలేసి లాగినారు, జాకెట్టు హుక్కు ఊడిపోయినాది. ముందర ఇది కుట్టనీండి. కృపా, ఇట్లా రా."

ఆ జాకెట్టు కృపారాణి కుట్టిందే. బడి వెనక వేపచెట్టు చాటున తన మెడ దగ్గర జాకెట్టుకు గుచ్చి పెట్టుకున్న సూది తీసి ఆమె హుక్కు కుట్టడం మొదలుపెట్టింది. వీపు తిప్పి నిలబడ్డ మునిరత్నమ్మ మెల్లగా అడిగింది.

"ఆ పిల్ల పుస్తకంలో ఎన్ని పేర్లు?"

"యాభై ఎనిమిదక్కా."

"యాభై తొమ్మిది రావల్సింది గదా మరి. ఎవురో ఒకరు మోసం చేసినారు."

సూది కృపారాణి వేలికి గుచ్చుకుంది.

"నీకెట్లా తెలుసక్కా?"

"నేను నీకే గదా ఏసింది." మునిరత్నమ్మ నవ్వు వీపులోనే తెలిసింది. "నాకేసుకుంటే ఆయనకేసినట్టు. కోమలికేస్తే కృష్ణమూర్తికేసినట్టు. ఈ ఊళ్ళో నిలబడిన ఆడమనిషి నువ్వొక్కదానివేనని నీకేసినా. సరే, తప్పిందెవురో కనుక్కున్నావా?"

కృపారాణి దారం కొరికింది. అబద్ధం చెప్పవచ్చు. కానీ కొలతలిచ్చిన మనిషి ముందర దాచి లాభమేముంది?

"నేనేనక్కా. నేను గెలవను గదా, ఓటు పాడైపోతాదని... కోమలికేసినా."

మునిరత్నమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం తేరిపార చూసి, తర్వాత కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"మనమిద్దురం ఎవురికి వాళ్ళం ఏసుకొనుంటే నేను రెండోట్లతో గెలుస్తా ఉంటి గదే! మూడు గంటలనుంచి మా ఆయనకు గుండె దడ!"

బయటికొచ్చేసరికి సుబ్రమణ్యం చెయ్యి చాపుకునే నిలబడ్డాడు.

"కడ్డీ ఆమెకాడే ఉంటాది," అంది మునిరత్నమ్మ. అందరికీ వినపడేట్టే అంది.

"ఏందే నువ్వు మాట్లాడేది?"

"నేనే గదా సర్పంచిని. సంతకం నాది. రేపు ఎంపీటీసీకి మీరే నిలబడతా ఉండారు గదా, యాభై ఎనిమిది ఓట్లు ఒద్దా మీకు?"

కొంచెం దూరంలో నిలబడ్డ కృష్ణమూర్తి వెంటనే గొంతెత్తాడు. "మే కృపారాణీ, కడ్డీ ఇయ్యొద్దు! నేనుండా నీ ఎనక!"

సుబ్రమణ్యం ఆయన్ని చూశాడు, భార్యను చూశాడు, జెస్సీ చేతిలో నోటుబుక్కును చూశాడు. చాపిన చేతిని అలాగే పైకి తీసి దండం పెట్టాడు. "నేనూ అదే గదా చెప్పబోయింది. ఉంచుకో తల్లీ."

పొద్దు వాలకముందే కృపారాణి కడ్డీ భుజాన పెట్టుకుని వాల్వు దగ్గరికి నడిచింది. జెస్సీ దారి పొడవునా చెబుతూనే ఉంది, యాభై ఎనిమిదికి యాభై ఎనిమిది, మన కాలనీలో దొంగ అనేవాడే లేడని. ఓబయ్య బిందె పట్టుకుని అప్పటికే కుళాయి దగ్గర కూర్చున్నాడు.

"ఏమో అనుకున్నా గాని కృపా, ఒక్క ఓటు కూడా పాడుగాలేదు."

"ఒకటి పాడైంది మామా."

"ఎవురిది?"

కృపారాణి రెండు చేతులా బలం పెట్టి కడ్డీ తిప్పింది. కుళాయి బుసకొట్టింది. ఓబయ్య బిందె జరుపుకునే తొందరలో తాను అడిగిన మాట తానే మరిచిపోయాడు.