వీధికి చెప్పిన జబ్బు

కొళాయి దగ్గర నా బిందె నన్నెత్తుకోనివ్వరు. మా వీధి ఆడవాళ్లకు అదొక నియమం. నీళ్లు వదిలే రోజు నేను వరుసలో నిలబడితే చాలు, కిరాణా అంగడి సత్యభామక్క వచ్చి బిందె లాక్కుంటుంది. "నువ్వెత్తొద్దుమే నీలావతీ, గుండె మనిషివి" అంటుంది. మా గడప దాకా మోసి అక్కడ దించి వెళ్తుంది. ఆమె అటు తిరగ్గానే మా అత్త సుశీలమ్మ లోపలి నుంచి "ఏమ్మే, ఆ బిందె మిద్దె మీదికెక్కించు, తొట్టి ఖాళీగా ఉండాది" అంటుంది. ఎనిమిదేళ్లుగా గడప బయట నేను గుండె జబ్బు మనిషిని. గడప లోపల ఏ పనైనా చేయగల మనిషిని.

నా మొగుడు ఓబుళప్ప చీరల మూట మోసుకుని ఊళ్లు తిరిగి అమ్మేవాడు. రెండువేల ఒకటిలో చిక్కి చిక్కి పోయాడు. పోయిన రోజు, ఇంకా చుట్టాలెవరూ రాకముందే, మా అత్త మమ్మల్నందర్నీ వంటింట్లోకి పిలిచి "గుండె ఆగి పోయినాడు. ఎవురడిగినా అదే చెప్పాల్ల" అంది. నెల తిరక్కుండా నాకూ పరీక్ష చేయించారు. నాకూ హెచ్చైవీ ఉందని తేలింది. "దీనికీ గుండె అనే చెప్దాం" అని తేల్చింది కూడా ఆమే. నేను జ్వరంతో పడుకున్నా గుండే. మాత్రల కోసం నెలనెలా హిందూపురం రైలెక్కినా గుండే. "ఎవురన్నా చూస్తాంటే మెట్లెక్కేటప్పుడు ఎదమీద చెయ్యి పెట్టుకో" అని నేర్పింది. కొన్నాళ్లకు అలవాటైపోయి, ఎవరూ చూడకపోయినా చెయ్యి దానంతటదే ఎదమీదికి పోయేది. కొడుకు పోయిన దుఃఖం ఆమెకు లేదని కాదు. ముందు పరువు సర్దుకుని తర్వాత ఏడ్చింది, అంతే.

ఇంట్లో నా కంచం వేరు, చెంబు వేరు, చాప వేరు. వేరు కానివి నా చేతులొక్కటే. మా బావ ఈశ్వరప్పకు మూడు మగ్గాలున్నాయి. మగ్గం మీద పాత పడుగు అయిపోయిన ప్రతిసారీ కొత్త పడుగు పోగుల్ని పాతవాటి కొసలకు మెలిపెట్టి అతకాలి. నాలుగువేల పైచిలుకు పట్టుపోగులు, వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్కొక్కటే అతకాలి. బయటి మనిషి అతికితే కూలి. ఇంటి కోడలు అతికితే "ఊరికే కూచుని తినేదానికన్నా మేలు గదా" అన్న మాట. నా వేళ్లు తగలని చీర ఈ ఇంట్లోంచి ఒక్కటీ బయటికి పోలేదు. వాటిని కట్టుకుని ఎంతమంది పెళ్లికూతుళ్లు పీటల మీద కూర్చున్నారో. నేను తాగిన చెంబు ముట్టని మా అత్త, నేను అతికిన పోగులతో నేసిన చీరను మాత్రం కళ్లకద్దుకుని మరీ అంగడికి పంపుతుంది.

మొన్న ఆషాఢంలో పోగులు అతుకుతుండగా ఎడమ భుజం నుంచి చెయ్యి పొడుగునా లాగింది. పొద్దుటి నుంచి వంగి కూర్చుంటే లాగదా మరి అనుకున్నాను. రెండోసారి మిద్దె మెట్ల మీద వచ్చింది. ఎదమీద రోకలి పెట్టి నొక్కినట్టయింది. ఒళ్లంతా చెమట పట్టింది. బిందె దించి మెట్టు మీదే కూలబడ్డాను. అత్త చూసి "ఈడ ఎవురుండారని ఎద పట్టుకుంటాండావు? మనం మనమే గదా" అంది. వెటకారం కూడా కాదు, నిజంగా అర్థం కాకే అడిగింది. నాకు కోపం రావలసింది. రాలేదు. కోప్పడ్డానికి కూడా కాస్త ఓపిక కావాలి.

మాత్రలకు పోయినప్పుడు హిందూపురం డాక్టరమ్మతో చెప్పాను. ఈసీజీ తీయించింది. కాగితం రెండుసార్లు చూసి నా వయసడిగింది. ముప్పై ఎనిమిది అన్నాను. "గుండెకు రక్తం సరిగ్గా అందడం లేదమ్మా. ఈ వైరస్ ఉన్నవాళ్లకు గుండె జబ్బు తక్కినవాళ్లకన్నా ముందే రావచ్చు. మాత్రలు వైరస్‌ను అణచిపెట్టినా లోపల రక్తనాళాలు దెబ్బతింటూనే ఉంటాయి" అంది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక ఆమె ముందే నవ్వాను. ఎందుకని అడిగితే ఏమని చెప్పను? ఎనిమిదేళ్లు వేసిన వేషం చివరికి నిజమైందని చెప్పనా? అనంతపురంలో గుండె డాక్టరుకు ఉత్తరం రాసిచ్చి, ఈ వారంలోనే పోవాలని, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుందని చెప్పింది. కౌన్సెలర్ జోసెఫ్ వరండాలోకి వచ్చి విడమరిచి చెప్పాడు. "అక్కా, సంతకం పెట్టేదానికి ఇంటి నుంచి ఒకరు రావాల్ల. ఆరోగ్యశ్రీకి తెల్లకార్డు తెచ్చుకో. ఇంగొకటి, ఆ డాక్టరుకు రెండు జబ్బులూ చెప్పాల్ల. గుండె మందులు కొన్ని మన మాత్రలకు పడవు." తెల్లకార్డు బావ పేరు మీద ఉంది. బావ బీరువాలోనే ఉంది.

తిరుగు రైల్లో పెనుకొండలో దిగాను. మా తమ్ముడు మారెప్ప అక్కడ బడిలో అటెండరు. వాడికీ గుండె అనే చెప్పి ఉంచాం. నాతో అనంతపురం రమ్మంటే వాడు "ఎనిమిదేండ్లుగా ఉండేదే గదక్కా. ఇన్నాళ్లూ ఏం కాలేదు, ఇప్పుడేమైతాది? వచ్చే నెల సెలవు పెట్టి వస్తాలే" అన్నాడు. నిజం నోటిదాకా వచ్చింది. మరదలు కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మాట మింగేసి కాఫీ తాగాను. మళ్లీ రైలెక్కాక అర్థమైంది. ఆ అబద్ధం నమ్మినవాళ్లకు ఇది పాత జబ్బు. అల్లినవాళ్లకేమో ఇది అసలు లేని జబ్బు. డాక్టరు దగ్గరికి నాతో వచ్చేవాళ్లు అటూ లేరు, ఇటూ లేరు.

ధర్మవరంలో ఇంటికొచ్చి ఉత్తరం చూపించాను. అత్త దానివంక కూడా చూడలేదు. "ఆ మాట కనిపెట్టిందే నేను గదమ్మే. నాకే చెప్తాండావా?" అంది. బావ మాత్రం కాగితం తీసుకుని నిదానంగా చదివాడు. చదువుకున్నవాడు, అర్థం చేసుకున్నాడు. "నిజమే మాదిరుండాది అమ్మా" అని తల్లితో అన్నాడు. ఒక్క క్షణం నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత నావైపు తిరిగి, చాలా మెత్తగా, "ఈ ఉత్తరంలోనే రాసుండాది నీలావతీ, ఆ జబ్బు పేరు కూడా. ఆ ఆస్పత్రిలో మన ఊరోళ్లు ఎవురో ఒకరుంటారు. తెలిసిందంటే షావుకారు మన చీర ముట్టడు. మూడు మగ్గాల మీద ఎంతమందిమి బతుకుతాండాము? నువ్వూ అందులోనే గదా. కొన్నాళ్లు పడుకోమ్మా, పని చేయొద్దు, తగ్గుతాది" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. వానొస్తే నన్ను స్టేషను దాకా బండి మీద దింపే మనిషి. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. షావుకారు చీరలు తిప్పి పంపొచ్చు, మగ్గాలు ఆగొచ్చు, అప్పుడు నా కంచంలోకీ అన్నం రాదు. రెండు రోజులు అదే ఆలోచించాను. పని చేయొద్దన్నారు కాబట్టి చాప మీద పడుకుని ఆలోచించే తీరిక దొరికింది, ఎనిమిదేళ్లలో మొదటిసారి. ఎంత ఆలోచించినా ఒక్క చోటికే వచ్చాను. మగ్గాలు ఆడాలంటే నేను నోరుమూసుకుని చావాలి. ఆ మాట మెత్తగా చెప్పినా గట్టిగా చెప్పినా చావు ఒకటే. వాళ్లకున్న భయం కూడా ఒక్కటే, వీధికి తెలుస్తుందని. తెలిసిపోయాక ఆ భయానికి ఇక చేసే పనేమీ ఉండదు.

మూడో రోజు మధ్యాహ్నం సత్యభామక్క వెల్లుల్లి వేసి కాచిన పాలు తెచ్చింది. గుండెకు మంచిదని అప్పుడప్పుడూ తెస్తుంది. నేను నడవలో కూర్చుని ఉన్నాను. అత్త బియ్యం ఏరుతోంది. పక్క గదిలో బావ మగ్గం ఆడుతోంది. "ఏమ్మే, ముఖం అట్లా ఉండాది. మళ్లా గుండెనా?" అని అడిగింది. నాకు చాలా భయమేసింది. ఈ మనిషి మళ్లీ నా బిందె ముట్టదేమో. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా అంటారు. సాయంత్రానికల్లా అంగడికి వచ్చినవాళ్లందరికీ తెలుస్తుంది. తెలిసే చెప్పాను.

"లేదక్కా. ఇన్నేండ్లూ నాకుండింది గుండె జబ్బు కాదు, హెచ్చైవీ. మా ఆయన పోయింది కూడా దాంతోనే. గుండె జబ్బు ఇప్పుడొచ్చింది. చూపించుకోకపోతే చచ్చిపోతానన్నారు."

అత్త చేతిలో చేట కిందికి ఒరిగి బియ్యం నేలపాలయ్యాయి. సత్యభామక్క నా ముఖం చూసింది, తన చేతులు చూసుకుంది. పాల గ్లాసును నా పక్కన నేలమీద పెట్టి వెళ్లిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది, ఎందుకంటే అప్పటికి మగ్గం ఆగిపోయింది. బావ మగ్గం గుంటలోంచి పైకి లేచి గుమ్మంలోకి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. ఆయన సత్యభామక్క పోయిన వైపే చూశాడు.

"ఇంగ దాచేదేమీ లేదు బావా. కార్డు తీసుకుని రేపు పొద్దున రైలుకు రా, సంతకం పెడుదువు."